తిప్పిన పొరల్లో అయస్కాంతాలు, వాటి మీద వోల్టేజీ పెత్తనం

విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాట మార్చలేదు.

అందరికీ నమస్కారం అండి. ముందువరసలో కాలేజీ పిల్లలు, వెనకాల రిటైరైన పెద్దలు, మధ్యలో ఖాళీ కుర్చీలు... కొంచెం ముందుకొచ్చి కూర్చోండి, నేను చూపించేది చిన్న వస్తువు. ఇదిగో, కిటికీలకి కొట్టించుకుంటాం కదా దోమల మెష్, అదే. రెండు ముక్కలు తెచ్చాను. ఒకదాని మీద ఒకటి పెట్టి లైటుకి ఎదురుగా పడతాను. గడి మీద గడి కూర్చుంది, ఏమీ లేదు. ఇప్పుడు పై ముక్కని కొంచెం, మరీ కొంచెం తిప్పుతున్నాను చూడండి. కనిపించాయా? పెద్ద పెద్ద గళ్లు, నల్లగా తెల్లగా, అరచేతంత ఉన్నాయి. వెనక కనిపిస్తోందా అండి? బాబూ, ఆ మూల ట్యూబ్‌లైట్ ఒకటి ఆపేయ్. ఆ, ఇప్పుడు చూడండి.

ఈ మెష్ గడి ఎంతుంటుంది? మిల్లీమీటరు, కాస్త పైన. మరి అరచేతంత గడి ఎక్కణ్నుంచి వచ్చింది? పై మెష్‌లోనూ లేదు, కింద మెష్‌లోనూ లేదు. రెండూ కలిసి, కొంచెం తేడాగా కూర్చుంటేనే వచ్చింది. దీన్ని మొయిరే ప్యాటర్న్ అంటారు. లెక్క కూడా సులువే, ఒక్క డిగ్రీ తిప్పితే అసలు గడికి సుమారు 57 రెట్లు పెద్ద గడి వస్తుంది, అర డిగ్రీ తిప్పితే 115 రెట్లు. ఎంత తక్కువ తిప్పితే అంత పెద్ద గడి. ఇదొక్కటీ గుర్తుంచుకోండి, ఈ సాయంత్రం మొత్తం దీని మీదే నడుస్తుంది.

ఇక మెష్ పక్కన పెట్టేద్దాం. ఒక్క పరమాణువు మందం ఉన్న పొరల్ని తీసుకుందాం. గ్రాఫీన్ పేరు అందరూ విన్నదే, 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవోసెలోవ్ మామూలు సెలో టేపుతో గ్రాఫైట్ మీంచి ఒలిచారు, 2010లో నోబెల్ వచ్చింది. 2018లో అమెరికాలో ఎంఐటీలో పాబ్లో హరీయో-హెరేరో గ్రూప్ రెండు గ్రాఫీన్ పొరల్ని 1.1 డిగ్రీ తిప్పి పెట్టి, బాగా చల్లబరిచి, వోల్టేజీతో ఎలక్ట్రాన్ల లెక్క సర్దితే అది సూపర్ కండక్టర్, అంటే కరెంటుకి అడ్డే లేని పదార్థం అయిపోయింది. కొత్త పదార్థమేమీ కలపలేదు, కిటుకంతా తిప్పడంలోనే! దాంతో ప్రపంచమంతా ఏది దొరికితే అది తిప్పడం మొదలెట్టారు. ఆ కథ మీలో చాలామందికి తెలుసు కాబట్టి నేను దాటేస్తున్నాను.

మన కథ అయస్కాంతాలది. మొదటి ప్రశ్న, అసలు ఒక్క పొరలో అయస్కాంతత్వం బతుకుతుందా? చాలాకాలం బతకదనే అనుకున్నారు. 1966లో మెర్మిన్, వాగ్నర్ ఇచ్చిన సిద్ధాంతం ఒకటుంది. రెండు డైమెన్షన్లలో, స్పిన్‌లు, అంటే పరమాణువుల్లో ఉండే బుల్లి అయస్కాంతాలు, అన్ని దిక్కులకీ సమానంగా తిరగగలిగితే, కొంచెం వేడి ఉన్నా చాలు, ఆ వరస చెదిరిపోతుంది అని. అందులో షరతు చూశారా? అన్ని దిక్కులకీ సమానంగా తిరగగలిగితే. మరి తిరగలేకపోతే? పైకో కిందకో తప్ప పక్కకి వాలడం స్పిన్‌కి కష్టమయ్యే పదార్థం దొరికితే? అలాంటివి దొరికాయి. 2017లో ఒకేసారి రెండు రీసెర్చ్ పేపర్లొచ్చాయి, ఒకటి క్రోమియం ట్రైఅయొడైడ్ మీద, రెండోది క్రోమియం జర్మేనియం టెల్యురైడ్ మీద. మొదటిదాంట్లో ఒకే ఒక్క పొర కూడా అయస్కాంతంగా నిలబడింది. 45 కెల్విన్ దాకా, అంటే మైనస్ 228 డిగ్రీల సెల్సియస్. చలి సంగతి తర్వాత మాట్లాడదాం, మీరు అడుగుతారని తెలుసు.

ఇక్కడ నుంచి కొంచెం శ్రద్ధగా వినండి. క్రోమియం ట్రైఅయొడైడ్ ఒక పొరలో క్రోమియం స్పిన్‌లన్నీ ఒకే వైపు, పైకి అనుకుందాం. రెండో పొర వేస్తే? పెద్ద ముద్దగా ఉన్నప్పుడు ఇది మంచి ఫెర్రోమాగ్నెట్, అన్ని పొరలూ ఒకే వైపు చూస్తాయి. అందుకని రెండు పొరలున్నా అలాగే ఉండాలి కదా? లేదు! రెండు పొరలు ఒలిచి చూస్తే పైది పైకి, కిందది కిందకి. మొత్తం అయస్కాంతత్వం సున్నా. ఇలా ఎదురెదురుగా ఉంటే యాంటీఫెర్రో అంటారు. అదే పదార్థం, అవే పరమాణువులు, మరి ఎందుకిలా?

కారణం పొరలు ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చున్నాయి అన్నదాంట్లో ఉంది. ముద్దని చల్లబరిస్తే 210, 220 కెల్విన్ దగ్గర పొరలు ఒకదాని మీద ఒకటి జారి, రాంబోహెడ్రల్ అనే వరసలోకి సర్దుకుంటాయి. ఒలిచిన పల్చటి ముక్కలు మాత్రం అలా సర్దుకోకుండా మోనోక్లినిక్ అనే పాత వరసలోనే ఉండిపోతాయి. రాంబోహెడ్రల్ అయితే పై పొర కింది పొర ఒకే వైపు, మోనోక్లినిక్ అయితే ఎదురెదురు. పొర పక్కకి జరిగింది నానోమీటర్లో చిన్న భాగం, అంతే, దానికే పొరల మధ్య సంబంధం గుర్తే మారిపోయింది, ప్లస్ కాస్తా మైనస్. 2019లో రెండు పొరల ముక్కల్ని గట్టిగా ప్రెషర్ పెట్టి నొక్కారు, నొక్కితే పొర జారి ఎదురెదురుగా ఉన్నవి ఒకే వైపు తిరిగాయి. ప్రెషర్ తీసేసినా అలాగే ఉండిపోయాయి. కాబట్టి ఇది ఊహ కాదు, చూసిన విషయం.

ఇప్పుడు చెప్పండి, ఈ రెండు పొరల్ని తిప్పి పెడితే ఏమవుతుంది? ఎవరైనా? ఆ అమ్మాయి చెయ్యి ఎత్తింది... కరెక్ట్ అమ్మా, చాలా కరెక్ట్. కొన్ని చోట్ల రాంబోహెడ్రల్, కొన్ని చోట్ల మోనోక్లినిక్. మీరు మెష్‌లో చూసిన నల్ల గడి, తెల్ల గడి ఉన్నాయే, అక్కడ నల్ల చోట పొరలు ఒక రకంగా కూర్చున్నాయి, తెల్ల చోట ఇంకోలా. అంటే ఒకే ముక్కలో ఇక్కడ ఫెర్రో, పక్కనే యాంటీఫెర్రో, మళ్లీ ఫెర్రో, మళ్లీ యాంటీఫెర్రో, క్రమంగా, గళ్లు గళ్లుగా. ఎవరూ గీయలేదు, ఎవరూ చెక్కలేదు. క్రోమియం ట్రైఅయొడైడ్‌లో అసలు గడి సుమారు 0.69 నానోమీటర్లు, ఒక డిగ్రీ తిప్పితే 57 రెట్లు, అంటే దాదాపు 39 నానోమీటర్ల గడి. డిగ్రీలో మూడో వంతు తిప్పితే వంద దాటుతుంది.

ఇది కళ్లారా చూశారా అంటే చూశారు. 2021లో సైన్స్ జర్నల్లో వచ్చింది, వజ్రంలో ఒక నైట్రోజన్ పరమాణువు, దాని పక్కనే ఒక ఖాళీ, ఇలాంటి లోపం ఒకటి పెట్టి, ఆ ఒక్క లోపాన్నే సూది మొనలా వాడి, అయస్కాంత క్షేత్రాన్ని చుక్క చుక్కగా కొలుస్తూ వెళ్లారు, మూడు పొరల మీద మూడు పొరలు తిప్పి పెట్టిన ముక్కలో ఆ గళ్లు వచ్చాయి. 2022లో కార్నెల్‌లో జీ షాన్, కిన్ ఫై మాక్ గ్రూప్ రెండు విడి పొరల్ని తిప్పి, ఫెర్రో, యాంటీఫెర్రో రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయని, కోణం సుమారు 3 డిగ్రీలు దాటితే ఆ సహజీవనం పోయి అంతా ఒకే వైపు తిరిగిపోతుందని చూపించారు. ఎందుకు పోతుంది? గడి మరీ చిన్నదైపోతే, గడి గడికీ దిక్కు మార్చుకోవాలంటే స్పిన్‌లకి ఖర్చు ఎక్కువ. పక్కపక్క స్పిన్‌లు ఒకే వైపు ఉండాలని పట్టుబడతాయి కదా, ఆ పట్టుదలే గెలుస్తుంది.

ఆ ఏడాదే ఇంకో గ్రూప్ రెండు పొరల మీద రెండు పొరలు తిప్పి, రామన్ స్పెక్ట్రోస్కోపీతో, అంటే వెలుగు పడి చెదిరినప్పుడు దాని రంగులో వచ్చే తేడాని బట్టి చూసింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, వైజాగ్‌లో ఉండి ఆగకపోతే బాగోదు. సీవీ రామన్ గారి నాన్నగారు ఇక్కడ మన ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పారు, రామన్ గారి బడి చదువు ఈ ఊళ్లోనే. ఆయన 1928లో కనిపెట్టిన ఎఫెక్ట్ ఇప్పుడు నాలుగు పొరల ముక్కలో ఏ పొర ఏ వైపు చూస్తోందో చెప్పే పనిముట్టు. సరే, ముందుకెళ్దాం, లేకపోతే ఏవీఎన్ కాలేజీ పూర్వవిద్యార్థులు మైకు లాక్కుంటారు.

ఇందులో టెక్స్‌చర్ అనే మాట ఒకటి వస్తుంది, అదెక్కడ? ఫెర్రో గడికీ యాంటీఫెర్రో గడికీ మధ్య సరిహద్దులో. ఇటు పక్క కింది పొర స్పిన్ పైకి, అటు పక్క కిందకి. మధ్యలో టక్కున తిరగలేదు, మెల్లగా వాలుతూ, పడుకుంటూ, తిరిగి కిందకి రావాలి. ఆ వాలే తీరు, ఆ వంపు, అదే టెక్స్‌చర్. ఒక గడి చుట్టూ మొత్తం ఇలా సుడి తిరిగితే దాన్ని స్కిర్మియాన్ అంటారు, 1960ల్లో టోనీ స్కిర్మ్ అనే ఆయన న్యూక్లియస్ లోపలి కణాల కోసం రాసిన గణితం అది, అయస్కాంతంలో 2009లో మ్యూనిక్ వాళ్లు మాంగనీస్ సిలిసైడ్‌లో చూశారు. దాని గొప్పేంటంటే మెల్లగా సర్ది చెరిపేయలేరు, చెరపాలంటే ఎక్కడో ఒకచోట తెంపాలి. అందుకే సమాచారం దాచడానికి పనికొస్తుందని ఆశ. తిప్పిన పొరల్లో ఇవి వరసగా, గడికొకటి చొప్పున రావచ్చని 2018 నుంచీ థియరీ వాళ్లు చెప్తున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కోణం ఎంత పెట్టాలన్నది తయారుచేసేటప్పుడే తేలిపోతుంది. పొరని సగానికి చింపి, ఒక సగాన్ని తిప్పి రెండో సగం మీద పెడతారు, పెట్టాక దాదాపుగా అంతే. తిప్పగలిగే డివైసులు చేసినవాళ్లూ ఉన్నారు గానీ అది వేరే కథ. అంటే గడి సైజు, ఎక్కడ ఏ గడి, ఇదంతా తయారైన రోజే రాసిపెట్టినట్టు. మరి తర్వాత మార్చుకోడానికి మన చేతిలో ఏముంది? బయట మాగ్నెట్ పెట్టొచ్చు. అది పెద్దది, నానోమీటర్ సైజు గడి దగ్గర మాత్రమే పెట్టడం కుదరదు. కరెంటు పంపొచ్చు. కరెంటు పంపితే వేడి, ఐ స్క్వేర్ ఆర్, టెన్త్ క్లాసులో చదివిందే. మిగిలింది వోల్టేజీ.

వోల్టేజీకీ కరెంటుకీ తేడా ఎంత ముఖ్యమో చెప్పనివ్వండి. మన పొరలకి పైనా కిందా బోరాన్ నైట్రైడ్ అనే పల్చటి ఇన్సులేటర్, దాని అవతల గ్రాఫైట్ ముక్క, దాన్ని గేట్ అంటారు. ఇది కెపాసిటర్, ఒకసారి చార్జ్ అయ్యాక కరెంటు పారదు. 5 మైక్రాన్లు బై 5 మైక్రాన్ల డివైస్, 20 నానోమీటర్ల ఇన్సులేటర్, 5 వోల్టులు, లెక్కేస్తే దాంట్లో దాచిన ఎనర్జీ పికోజౌల్‌లో సగం, పికోజౌల్ అంటే జౌల్‌లో లక్ష కోట్లో వంతు. అంతే. కానీ ఫీల్డ్ ఎంత? 5 వోల్టులు 20 నానోమీటర్ల మీద అంటే మీటరుకి 25 కోట్ల వోల్టులు! గాల్లో మీటరుకి 30 లక్షల వోల్టులు దాటితే నిప్పురవ్వ లేస్తుంది. అంటే అయిదు వోల్టులతో, పల్చదనం పుణ్యమా అని, గాలి తట్టుకోలేని ఫీల్డ్ ఇక్కడ ఊరికే దొరుకుతోంది.

సరే, ఫీల్డ్ దొరికింది. అయస్కాంతానికి వోల్టేజీతో ఏం పని? మామూలు ఇనప ముక్కకి బ్యాటరీ తగిలిస్తే దాని ధ్రువాలు మారతాయా? మారవు. ఇక్కడ ఎందుకు మారాలి? మూడు దారులున్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో రకం.

మొదటిది, ఎలక్ట్రాన్లు ఎక్కించడం లేదా దించడం. రెండు పొరల మధ్య సంబంధం చాలా బలహీనం, మోనోక్లినిక్ వరసలో ఉన్న రెండు పొరల్ని ఒకే వైపు తిప్పడానికి 0.7 టెస్లా లోపు చాలు. అంత బలహీనమైన సంబంధాన్ని కొన్ని అదనపు ఎలక్ట్రాన్లు చెడగొట్టగలవు. 2018లో షాన్, మాక్ గ్రూపే చూపించింది, చదరపు సెంటీమీటరుకి సుమారు 25 లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు... ఈ అంకె ఊహకి అందదు, ఇలా అనుకోండి, ఒక పొర లెక్కన ఇరవై క్రోమియం పరమాణువులకి ఒక ఎలక్ట్రాన్ చొప్పున ఎక్కిస్తే, ఎదురెదురుగా ఉన్న పొరలు బయట మాగ్నెట్ ఏమీ లేకుండానే ఒకే వైపు తిరిగాయి. ఇరవైకి ఒకటి!

రెండోది నాకు బాగా నచ్చిన దారి. ఎలక్ట్రాన్లు మొత్తంగా ఎక్కించం, దించం. పై గేట్ ప్లస్, కింది గేట్ మైనస్, మధ్యలో ఫీల్డ్ మాత్రం పెడతాం. యాంటీఫెర్రో చోట పై పొర పైకి, కింది పొర కిందకి, రెండూ సరిసమానం కాబట్టి మొత్తం సున్నా. ఫీల్డ్ పెట్టగానే చార్జ్ కొంచెం ఒక పొర వైపు మొగ్గుతుంది, రెండు పొరలూ ఇక సమానం కావు, పైకి కిందకీ కొట్టుకోగా కొంచెం మిగులుతుంది. అంటే వోల్టేజీకి అయస్కాంతత్వం పుట్టింది. వోల్టేజీ తిరగేస్తే అది కూడా తిరగబడుతుంది. దీన్ని లీనియర్ మాగ్నెటో-ఎలక్ట్రిక్ ఎఫెక్ట్ అంటారు. ఇప్పుడు ఫెర్రో చోట ఇదే ఫీల్డ్ పెడితే? రెండూ పైకే ఉన్నాయి, చార్జ్ ఇటు మొగ్గినా అటు మొగ్గినా ఒకటే, వోల్టేజీ గుర్తు మార్చినా తేడా ఉండదు. సిమ్మెట్రీ ఒప్పుకోదు. ఇది పట్టుకున్నారా? ఒకే వోల్టేజీ మొత్తం ముక్క మీద పెట్టాం, కానీ యాంటీఫెర్రో గళ్లు ఒకలా స్పందిస్తాయి, ఫెర్రో గళ్లు ఇంకోలా. నానోమీటర్ సైజు వైర్లు గడి గడికీ వెయ్యక్కర్లేదు. తిప్పడం వల్ల వచ్చిన గళ్లే వోల్టేజీని పంచుకుంటున్నాయి. కోణం ఒకసారి రాసిపెట్టిన బొమ్మని వోల్టేజీ రోజూ రంగు మారుస్తోంది అన్నమాట. ఇంత సేపూ నేను చెప్పాలనుకున్నది ఇదే.

మూడోది సరిహద్దుల గురించి. స్పిన్‌లు మెల్లగా వాలుతూ తిరిగేచోట, పక్కపక్క స్పిన్‌ల మధ్య కోణం ఉంటుంది కదా, ఆ కోణమే చార్జ్‌ని కొంచెం పక్కకి లాగుతుంది. అంటే వంపు ఉన్నచోట దానంతటదే చిన్న ఎలక్ట్రిక్ డైపోల్, అంటే ఒక కొస ప్లస్, ఇంకో కొస మైనస్, పుడుతుంది. 2003లో జపాన్‌లో టెర్బియం మాంగనైట్ అనే క్రిస్టల్‌లో మాగ్నెట్‌తో ఎలక్ట్రిక్ పోలరైజేషన్‌ని తిప్పి చూపించారు, 2005లో కట్సురా, నగావొసా, బలట్స్కీ దానికి లెక్క రాశారు. డైపోల్ ఉంటే ఫీల్డ్ దాన్ని పట్టుకుంటుంది, అంటే సుడి ఎటు తిరగాలన్న దానిలో కూడా వోల్టేజీ తలదూర్చగలదు. ఇంకోటి, ఫీల్డ్ పైకీ కిందకీ ఉన్న సమానత్వాన్ని పగలగొడితే జాలోషిన్స్కీ-మోరియా ఇంటరాక్షన్ వస్తుంది, స్పిన్‌లని సుడి తిప్పేది అదే. క్రోమియం పక్కన అయొడిన్ లాంటి బరువైన పరమాణువు ఉండటం ఇందుకు కలిసొచ్చింది. కానీ ఈ మూడో దారి తిప్పిన పొరల్లో ఎక్కువగా కాగితం మీద ఉంది, మొదటి రెండూ ల్యాబ్‌లో ఉన్నాయి. ఈ తేడా మర్చిపోకండి.

ల్యాబ్‌లో ఉన్నదాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. 2022 కార్నెల్ పేపర్లో వోల్టేజీ సాయంతో స్విచింగ్ అన్నారు. 2023లో అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు నేచర్ ఎలక్ట్రానిక్స్ జర్నల్లో, రెండు మీద రెండు పొరలు తిప్పిన ముక్కలో మొయిరే మాగ్నెటిజాన్ని గేట్ వోల్టేజీతో మార్చి చూపించారు. సాయంతో అన్నమాట గమనించండి. చాలా ప్రయోగాల్లో బయట మాగ్నెట్ పెట్టి, స్పిన్‌లు అటా ఇటా అని ఊగిసలాడే చోటికి తీసుకొచ్చి ఆపుతారు, అక్కడ వోల్టేజీ చిన్న తోపు తోస్తుంది. అది మోసం కాదు, మంచి ఫిజిక్సే. కానీ రేపు న్యూస్‌పేపర్లో వోల్టేజీతో అయస్కాంతం మారింది అని హెడ్డింగ్ చూస్తే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, బయట మాగ్నెట్ ఎన్ని టెస్లాలు పెట్టారు? రెండో ప్రశ్న, వోల్టేజీ తీసేశాక మారినట్టే ఉందా, వెనక్కి పోయిందా?

ఇబ్బందులు కూడా చెప్పేస్తాను, త్వరగా. ఒకటి చలి, లిక్విడ్ నైట్రోజన్ 77 కెల్విన్, దానికీ అందదు ఇది. రెండు తేమ. ఈ పదార్థం తేమ తగిలితే, పైగా వెలుగు పడితే, నిమిషాల్లో కరిగి బొట్లు బొట్లు అయిపోతుంది, మన వైజాగ్ ఉక్కపోతలో అయితే డబ్బా మూత తీసే లోపే అయిపోతుందేమో! అందుకే నైట్రోజనో ఆర్గానో నింపిన గ్లవ్ బాక్స్‌లో పని చేస్తారు, బయటికి తెచ్చేముందే బోరాన్ నైట్రైడ్‌తో పైనా కిందా మూసేస్తారు. మూడు, అసలైన తలనొప్పి, కోణం. 0.3 డిగ్రీ పెట్టాం అంటారు, ముక్క ఈ మూల 0.25, ఆ మూల 0.35. చిన్న కోణాల దగ్గర అంత తేడాకి గడి సైజు ఎంతో మారిపోతుంది, మధ్యలో బుడగలు, ముడతలు. ఒకే రకం డివైస్ రెండుసార్లు చెయ్యడమే కష్టం అయితే కోట్లలో చిప్‌లు ఎలా చేస్తారు?

అందుకే ఒక మాట. 2025 అక్టోబర్‌లో మన ఊరికి గూగుల్ డేటా సెంటర్ ప్రకటించిన దగ్గర్నుంచీ ఏ సైన్స్ మీటింగ్‌కి వెళ్లినా ఇది డేటా సెంటర్లో వాడతారా సార్ అని అడుగుతున్నారు. వాడరు. వేడి తగ్గించాలన్న అవసరం నిజం, కానీ ఈ సుడులు ఆ ర్యాకుల దాకా రావడానికి చాలా దూరం ఉంది, దాన్నీ దీన్నీ ముడిపెట్టి రియల్ ఎస్టేట్ బ్రోచర్ చెయ్యకండి దయచేసి.

ప్రశ్నలు

ఆ పెద్దాయన అడిగింది, గది వేడిలో పనిచేసేవి లేవా అని. ఉన్నాయండి. ఐరన్ గాలియం టెల్యురైడ్ గది వేడి పైన కూడా అయస్కాంతంగా ఉంటుందని 2022లో వచ్చింది. కానీ అది లోహం. లోహంలో ఎలక్ట్రాన్లు గుంపుగా ఉండి ఫీల్డ్‌ని లోపలికి రానివ్వవు, వోల్టేజీ పట్టు దొరకడం కష్టం. క్రోమియం సల్ఫర్ బ్రోమైడ్ అనేది సెమీకండక్టర్, గాల్లో కూడా నిలుస్తుంది, 132 కెల్విన్ దాకా వస్తుంది, అంటే లిక్విడ్ నైట్రోజన్ చాలు. నన్నడిగితే ఇప్పుడు పందెం కాయాల్సింది దాని మీద.

ఇండియాలో ఎవరు చేస్తున్నారు అంటే, తిప్పిన గ్రాఫీన్ మీద బెంగళూరు ఐఐఎస్సీలో, ముంబై టీఐఎఫ్ఆర్‌లో గట్టి గ్రూప్‌లు ఉన్నాయి, పేపర్లు చూడండి, పీహెచ్‌డీకి అప్లై చెయ్యండి.

చివరిది, ఎమ్మెస్సీ అబ్బాయి అడిగాడు, ల్యాబ్ లేదు, అంత చలి పుట్టించే క్రయోస్టాట్ లేదు, మేం ఇక్కడ ఏం చెయ్యగలం అని. మంచి ప్రశ్న. మ్యూమ్యాక్స్ అని స్పిన్‌లు ఎలా తిరుగుతాయో లెక్కేసే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, బెల్జియంలో ఘెంట్ యూనివర్సిటీ వాళ్లది, ఉచితం. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ చాలు, అది మీలో ఎంతమంది దగ్గరుందో నాకు తెలుసు. రెండు పొరలు పెట్టండి, మధ్య సంబంధాన్ని గడి గడికీ ప్లస్ మైనస్ మార్చండి, అదే మీ మొయిరే. ముందు గడి సైజు తగ్గిస్తూ వెళ్లండి, ఎక్కడ గళ్లు చెదిరి అంతా ఒకే వైపు తిరిగిపోతుందో గ్రాఫ్ గీయండి. తర్వాత కోణం కదపకుండా ఆ ప్లస్ మైనస్ బలాన్ని కొంచెం మార్చండి, అది మీ వోల్టేజీ. వచ్చిన గ్రాఫ్ మెయిల్ చెయ్యండి, చూస్తాను.